ఒక్క మనిషి, 30 మీటర్ల పడవ, 42 రోజులు: సోలో వరల్డ్ రికార్డు ఇన్నేళ్లుగా ఎందుకు కదలట్లేదు

2017 డిసెంబర్ 17న, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, ఫ్రాన్స్‌కి పడమటి చివర ఉండే ఉషాంత్ దీవి దగ్గర లైన్ దాటాడు ఫ్రాంస్వా గబార్. బయల్దేరింది నవంబర్ 4న. భూమి చుట్టూ ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయం లేకుండా, పడవలో ఒక్కడే తిరిగి రావడానికి పట్టిన టైమ్ 42 రోజుల 16 గంటల 40 నిమిషాల 35 సెకన్లు. అంతకు ముందు రికార్డు థామస్ కోవిల్‌ది, 49 రోజుల 3 గంటలు, అది వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఒక్క దెబ్బకి ఆరున్నర రోజులు తగ్గిపోయాయి. ఆ తర్వాత కొత్త పడవలొచ్చాయి, ఫాయిల్స్ అనే నీటి రెక్కల మీద నీళ్లపైకి లేచి ఎగిరేవి కూడా వచ్చాయి, అయినా ఆ 42 రోజులు అక్కడే ఉన్నాయి.

ఇందులో అసలు ఆశ్చర్యం వేరే ఉంది. అదే 2017 జనవరిలో ఫ్రాన్సిస్ జోయాన్ ఇంకో ఐదుగురిని వెంటేసుకుని, అంటే మొత్తం ఆరుగురు, ఐడెక్ స్పోర్ట్ అనే పడవలో 40 రోజుల 23 గంటల్లో భూమి చుట్టి వచ్చాడు. షిఫ్టులు వేసుకుని నిద్రపోతూ, ఎప్పుడూ ఎవరో ఒకరు స్టీరింగ్ పట్టుకుని, తెరచాప మార్చాలంటే నలుగురు చేతులేసి లాగే టీమ్ అది. గబార్ దగ్గర ఉన్నవి తన రెండు చేతులు, ఒక ఆటోపైలట్. తేడా రెండు రోజులు కూడా లేదు. గబార్ పడవ కొత్తది, జోయాన్‌ది దానికంటే పాతది, ఆ సంగతి లెక్కలో పెట్టుకోవాల్సిందే. కానీ పడవ తేడా అనే సాకు కూడా లేని పోలిక ఒకటి ఉంది.

1997లో ఒలివియే ద కెర్సోజాన్ క్రూతో కలిసి స్పోర్ట్ ఎలెక్ అనే ట్రైమరాన్‌లో (పక్కపక్కన మూడు భాగాలుండే పడవ) 71 రోజుల 14 గంటల 22 నిమిషాల్లో భూమి చుట్టాడు, అప్పటికి అది క్రూ రికార్డు. తర్వాత అదే పడవ జోయాన్ చేతికొచ్చింది, పేరు ఐడెక్ అయింది. 2003 నవంబర్‌లో జోయాన్ అందులో ఒక్కడే బయల్దేరి 2004 ఫిబ్రవరి 3న 72 రోజుల 22 గంటల 54 నిమిషాలతో తిరిగొచ్చాడు. పడవ ఒకటే, దారి ఒకటే, ఒకసారి క్రూ అంతా ఉంది, ఒకసారి ఒక్కడే, తేడా ఒక రోజూ ఎనిమిది గంటల చిల్లర! మరుసటి ఏడాది 2005 ఫిబ్రవరి 7న ఎలెన్ మకార్థర్ అనే 28 ఏళ్ల ఇంగ్లిష్ అమ్మాయి ఒక్కతే 71 రోజుల 14 గంటల 18 నిమిషాల్లో వచ్చేసింది, అంటే 1997 నాటి క్రూ టైమ్ కంటే నాలుగు నిమిషాలు తక్కువే. మనుషుల సంఖ్యకీ స్పీడుకీ మనం అనుకునేంత సంబంధం లేదని ఈ లెక్కలు చూస్తే అర్థమవుతుంది. మరి స్పీడు దేని వల్ల వస్తోంది, ఒంటరి మనిషికి ఎక్కడ దెబ్బ పడుతోంది అన్నది చూడాలి.

ముందు పడవ సంగతి. మామూలు తెరచాప పడవకి కింద సీసం లాంటి బరువుతో కీల్ ఉంటుంది, గాలి పక్కకి వంచితే ఆ బరువు మళ్లీ నిలబెడుతుంది. దానివల్ల భద్రత ఉంటుంది కానీ టన్నుల కొద్దీ బరువుని ప్రపంచమంతా మోసుకు తిరగాలి. ట్రైమరాన్‌కి ఆ బరువు లేదు. మధ్యలో ఒక పొడుగాటి సన్నటి హల్ (నీళ్లలో తేలే పడవ మొండెం), రెండు పక్కలా దూరంగా రెండు ఫ్లోట్లు, వాటిని కలుపుతూ కార్బన్ ఫైబర్ దూలాలు. నిలబడే బలం అంతా వెడల్పులోంచి వస్తుంది. గబార్ పడవ మాసిఫ్ 30 మీటర్ల పొడవు, 21 మీటర్ల వెడల్పు, మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) ఎత్తు 35 మీటర్లు, అంటే దాదాపు పదకొండు పన్నెండు అంతస్తుల బిల్డింగంత, ఇంత ఉండీ బరువు పద్నాలుగున్నర టన్నులే. ఇంత తేలికైన దాని మీద అంత పెద్ద తెరచాప ఎత్తితే 35, 40 నాట్లు (ఒక నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు) దాటిపోవడం వింతేం కాదు. అదే ట్రిప్పులో నవంబర్ 13, 14 తేదీల మధ్య గబార్ 24 గంటల్లో 850 నాటికల్ మైళ్లు వెళ్లాడు, కిలోమీటర్లలో 1575, హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రోడ్డు మీద దాదాపు ఇంతే దూరం. అదీ ఇంజిన్ లేకుండా, ఒక్కడే, సముద్రం మీద.

ఈ డిజైన్‌లో భయపెట్టే సంగతి ఏంటంటే ట్రైమరాన్ నిటారుగా ఎంత స్థిరంగా ఉంటుందో తలకిందులుగానూ అంతే స్థిరంగా ఉంటుంది. ఒకసారి బోల్తా పడిందంటే లేవదు. కీల్ పడవ బోల్తా పడినా చాలాసార్లు తనంతట తనే లేస్తుంది, ఇది లేవదు, సోలో మనిషి లేపలేడు కూడా. అందుకే మధ్య హల్ అడుగుభాగంలో ముందే ఒక హాచ్ పెడతారు, తలకిందులైతే దాంట్లోంచి బయటికి రావడానికి. డిజైన్ చేసేటప్పుడే ఆ తలుపు గీసుకుంటారంటే ఆ ఆలోచన నావికుడి మనసులో ఎప్పుడూ ఎక్కడో ఒక మూల ఉంటుందనే కదా.

ఇప్పుడు వాతావరణం, అసలు కథంతా ఇక్కడే ఉంది. ఈ రికార్డు దారి ఫ్రాన్స్ నుంచి అట్లాంటిక్‌లో కిందికి దిగి, భూమధ్యరేఖ దాటి, బ్రెజిల్ వైపు ఒక వంపు తిరిగి, ఆఫ్రికా కింద గుడ్ హోప్, ఆస్ట్రేలియా కింద లీవిన్, దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్, ఈ మూడు అగ్రాలనీ ఎడమ చేతి వైపు ఉంచుకుని చుట్టి, మళ్లీ అట్లాంటిక్‌లో పైకి రావడం. ఇందులో సగం దారి అంటార్కిటికా చుట్టూ ఉండే దక్షిణ సముద్రంలోనే. అక్కడ అడ్డుకోవడానికి నేల లేదు కాబట్టి అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి పడమర నుంచి తూర్పుకి తిరుగుతూనే ఉంటాయి. మనకి అల్పపీడనం అంటే బంగాళాఖాతంలో పుట్టి నెల్లూరు దగ్గరో కాకినాడ దగ్గరో తీరం దాటి వర్షం పోసి చల్లారిపోయేది. అక్కడివి వేరు రకం, చల్లగాలికీ వెచ్చగాలికీ మధ్య పుట్టి వేల కిలోమీటర్లు తూర్పుకే నడుస్తాయి, తిరిగే దిక్కు కూడా మనవాటికి ఉల్టా. వాటి ఉత్తర అంచున పడవ ఉంటే వీపు మీద పడమటి గాలి తోస్తూ ఉంటుంది.

చిన్న పడవ అయితే ఏమవుతుంది? అల్పపీడనం వెనక నుంచి వస్తుంది, పడవని దాటుకుని ముందుకి వెళ్లిపోతుంది. దాటేటప్పుడు గాలి దిక్కు మారుతుంది, పాత అలలూ కొత్త అలలూ అడ్డదిడ్డంగా కొట్టుకుంటాయి, స్పీడు పడిపోతుంది, తర్వాత గాలే లేని ఖాళీ వస్తుంది, ఇంకో అల్పపీడనం కోసం చూడాలి. రోజుకి 200 మైళ్లు వెళ్లే పడవ బతుకంతా ఇదే. రోజుకి 650, 700 మైళ్లు వెళ్లగలిగే పడవ వచ్చేసరికి లెక్క మొత్తం మారిపోయింది, ఎందుకంటే ఇప్పుడు పడవ స్పీడూ ఆ అల్పపీడనం నడిచే స్పీడూ దాదాపు ఒకటే, కాబట్టి దాని ముందు అంచున సర్దుకుని కూర్చుంటే అదీ పడవా కలిసి రోజుల తరబడి వెళ్లొచ్చు. అక్కడ గాలి గట్టిగా ఉంటుంది, దిక్కు మారదు, అలలు ఇంకా పూర్తిగా లేవలేదు కాబట్టి సముద్రం కొంచెం చదునుగా ఉంటుంది. తెరచాప మార్చే పని కూడా తక్కువ! స్పీడు ఉన్నవాడికి మంచి సముద్రం దొరుకుతుంది, మంచి సముద్రం దొరికినవాడికి ఇంకా స్పీడు వస్తుంది. 72 రోజులు 57 అయి, 49 అయి, 42 అయ్యాయంటే ప్రధాన కారణం ఇది. గబార్ పన్నెండో రోజున గుడ్ హోప్ దాటాడు, 29 రోజులు గడిచేసరికి కేప్ హార్న్ దగ్గరున్నాడు, అంటే హిందూ మహాసముద్రం, పసిఫిక్ రెండూ కలిపి పదిహేడు రోజుల చిల్లరలో.

క్రూకీ సోలోకీ తేడా అంత తక్కువ ఉండడానికి కారణం కూడా ఇదే. ఎంత మంది ఉన్నా ఆ అల్పపీడనాన్ని దాటి ముందుకి పోలేరు, ముందుకెళ్తే గాలి ఉండదు. దాన్ని పట్టుకుని వెళ్లగలిగితే చాలు, ఆ మాత్రం ఒక్కడు కూడా చేయగలడు. జారిపోతే మాత్రం ఆరుగురున్నా అరవై మంది ఉన్నా ఒకటే.

ఇక్కడ మనవాళ్ల మాట ఒకటి చెప్పాలి. గబార్ ఆ రికార్డు కోసం వెళ్తున్న అదే నవంబర్, డిసెంబర్ నెలల్లో భారత నావికాదళం ఆరుగురు ఆడవాళ్లతో పంపిన తారిణి కూడా దక్షిణ సముద్రంలోనే ఉంది. ఆ ఆరుగురిలో విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. తారిణి పదిహేడు మీటర్ల పడవ, కీల్ ఉన్నది, రికార్డు కోసం వెళ్లింది కాదు, ఐదు రేవుల్లో ఆగుతూ 254 రోజుల్లో గోవా చేరింది. నవంబర్ మొదట్లో ఆస్ట్రేలియాలోని ఫ్రెమాంటిల్ నుంచి వాళ్లు బయల్దేరి న్యూజిలాండ్‌లో ఆగి మళ్లీ కదిలే టైముకి గబార్ మొత్తం భూమి చుట్టి ఇంటి దారి పట్టేశాడు. రెండిటినీ పోల్చి ఎవరు గొప్ప అని అడగడం అర్థం లేని పని. అల్పపీడనం తమ మీద నుంచి దాటిపోతుంటే తట్టుకుని నిలబడడం ఎంత కష్టమో తారిణిలో ఉన్నవాళ్లకి తెలిసినంతగా ట్రైమరాన్ వాళ్లకి తెలియకపోవచ్చు కూడా.

సరే, ఆ అల్పపీడనాన్ని పట్టుకోవాలంటే బయల్దేరే రోజు సరిగ్గా ఉండాలి. ఈ రికార్డుకి రేసులాగా స్టార్ట్ డేట్ ఉండదు. దక్షిణాన వేసవి కావాలి కాబట్టి అక్టోబర్ చివర నుంచి పడవ రెడీ చేసి ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవులోనో ఇంకో చోటో కట్టేసి కూర్చుంటారు, రోజూ వెదర్ మోడల్స్ చూస్తారు. వెతికేది ఏంటంటే ఆరు రోజుల్లోపు భూమధ్యరేఖకి చేర్చే గాలి, అది దాటేసరికి బ్రెజిల్ కింద తూర్పుకి బయల్దేరబోయే ఒక అల్పపీడనం. ఈ రెండూ కలవాలి. ఫోర్‌కాస్ట్ ఎనిమిది, పది రోజులు దాటితే నమ్మకం తగ్గిపోతుంది, అంటే ఎంత తెలివైనవాళ్లు లెక్కేసినా గుడ్ హోప్ వరకే చూడగలరు, ఆ తర్వాత ముప్ఫై రోజులూ ఏమొస్తే అదే. ఒక్కోసారి నెలల తరబడి ఎదురుచూసి సీజన్ అయిపోయి అసలు బయల్దేరకుండానే సర్దుకుంటారు. ఒక్కోసారి బయల్దేరి అట్లాంటిక్‌లోనే రెండు రోజులు వెనకబడి, ఇక లాభం లేదని తిరిగి వచ్చేస్తారు. బయటి నుంచి చూసేవాళ్లకి అది ఓటమిలా కనిపిస్తుంది, నిజానికి పడవని ఊరికే అరగదీయకుండా ఇంకో ఛాన్స్ కోసం దాచుకోవడం అది.

ఈ లెక్కలు వేసేది ఎక్కువగా ఒడ్డున కూర్చున్న రౌటర్. గబార్‌కి జాన్ ఈవ్ బెర్నో, కోవిల్‌కి జాన్ లుక్ నేలియాస్ లాంటి అనుభవజ్ఞులు రాత్రింబవళ్లు మ్యాప్‌ల ముందు కూర్చుని ఏ కోణంలో వెళ్లాలో, ఎప్పుడు తిరగాలో మెసేజ్‌లు పంపిస్తూ ఉన్నారు. వెండే గ్లోబ్ లాంటి సోలో రేసులో ఇది నిషేధం, అక్కడ రూట్ నావికుడే వేసుకోవాలి. స్పీడ్ రికార్డులు చూసే ప్రపంచ సంస్థ రూల్స్‌లో మాత్రం రౌటర్ తప్పు కాదు, పడవలోకి ఇంకో మనిషి రాకూడదు, వస్తువు అందుకోకూడదు, రిపేరుకి ఎవరూ చెయ్యి వేయకూడదు, అంతే. మరి దీన్ని సోలో అనొచ్చా అని వాదన ఎప్పట్నుంచో ఉంది. అనొచ్చు, కానీ ఏ అర్థంలో సోలోనో స్పష్టంగా చెప్పుకోవాలి. దారి ఎంపికలో అది ఇద్దరు ముగ్గురి పని. ఆ దారిలో పడవని ముక్కలు కాకుండా నడపడం మాత్రం ఒక్కడిదే, మెసేజ్ పంపినవాడు వచ్చి తాడు లాగడు. 35 నాట్ల మీద వెళ్తున్న పడవలో ఒక్కడు గంటల తరబడి వెదర్ ఫైళ్ల ముందు కూర్చుంటే పడవని చూసుకునేదెవరు? కాబట్టి రౌటర్ ఉండడం సౌకర్యం కంటే భద్రత అని చెప్పడమే న్యాయం.

తాడు లాగడం అన్న మాట చాలా చిన్నగా వినిపిస్తుంది. పెద్ద ట్రైమరాన్‌లో ముందు తెరచాప మార్చడం అంటే ఏంటో చూడండి. ముందుగా పడవని గాలివాటంగా తిప్పి లోడ్ తగ్గించాలి. తర్వాత కాక్‌పిట్‌లో రెండు చేతులతో తిప్పే, తాళ్లు చుట్టే గ్రైండర్ ముందు నిలబడి, ఉన్న తెరచాపని చుట్టేయాలి. అది చుట్టుకున్నాక హార్నెస్ (పడవకి కట్టి ఉంచే బెల్టు) తగిలించుకుని హల్‌కీ ఫ్లోట్లకీ మధ్య కట్టిన వల మీదుగా ముందుకి నడవాలి, కింద నీళ్లు తుపాకి గుండ్లలా కొడుతుంటాయి. మనిషి కంటే బరువున్న ఆ తెరచాప చుట్టని దించి, సంచిలో కుక్కి, కట్టి, ఇంకోదాన్ని లాక్కొచ్చి కొక్కేనికి తగిలించి, వెనక్కి వచ్చి మళ్లీ గ్రైండర్ తిప్పుతూ మాస్ట్ పైదాకా ఎత్తాలి. అరగంట నుంచి గంట. అయిపోయేసరికి లోపల చెమట, పైన ఉప్పునీళ్లు, గుండె దడదడ, అప్పుడు గాలి మళ్లీ మారితే ఇదంతా మళ్లీ మొదటి నుంచి. క్రూ ఉన్న పడవలో పది పదిహేను నిమిషాల్లో ముగించి ఇద్దరు పడుకోవడానికి వెళ్లిపోతారు. సోలో మనిషి ఇక్కడ వేరే లెక్క వేసుకుంటాడు: ఈ గాలి రెండు గంటలే ఉంటుందంటే అసలు మార్చకుండా వదిలేస్తాడు. కొంచెం స్పీడు పోతుంది, ఒళ్లు మిగులుతుంది. క్రూకీ సోలోకీ మధ్య ఉన్న ఆ ఒకటిన్నర రోజులు చాలా భాగం ఇలా మార్చకుండా వదిలేసిన తెరచాపల్లోనే పోతాయి.

ఈ విషయం ముందే ఆలోచించి కట్టిన పడవ ఎలెన్ మకార్థర్‌ది. డిజైన్ నైజెల్ ఐరెన్స్, బెన్వా కబారే. ఆమె ఐదడుగుల రెండంగుళాల మనిషి, అందుకే పడవని 75 అడుగులకే ఆపేశారు, గ్రైండర్లూ తాళ్లూ అన్నీ ఆమె చేతికి అందే కొలతలో పెట్టారు. అప్పటికి జోయాన్ పడవ 90 అడుగులు. చిన్న పడవతో పెద్ద పడవ రికార్డు కొట్టొచ్చని ఆమె నిరూపించింది, కాకపోతే ఒళ్లు హూనమైంది, జనరేటర్ దగ్గర చెయ్యి కాల్చుకుంది, మాస్ట్ ఎక్కి దెబ్బలు తగిలించుకుంది. 71 రోజుల తర్వాత జోయాన్ టైమ్ కంటే ఒక రోజూ ఎనిమిదిన్నర గంటల తేడాతో గెలిచింది. అదే డిజైనర్లు తర్వాత జోయాన్‌కి 97 అడుగుల పడవ గీసిచ్చారు, 2008 జనవరి 20న జోయాన్ 57 రోజుల 13 గంటలతో ఆ రికార్డుని వెనక్కి తీసుకున్నాడు. ఒక్కసారిగా రెండు వారాలు! ఆ ట్రిప్పులో డీజిల్ చుక్క వాడలేదు, కరెంటు సోలార్ ప్యానెళ్లూ చిన్న గాలిమర లాంటివాటి నుంచే.

ఇక నిద్ర. మల్టీహల్ (ఒకటికి మించి హల్స్ ఉన్న పడవ) సోలో గురించి ఏం మాట్లాడినా చివరికి ఇక్కడికే వస్తుంది. ఇరవై నిమిషాలు, నలభై నిమిషాలు, బాగుంటే గంట, ఇలా ముక్కలు ముక్కలుగా రోజుకి మూడు నాలుగు గంటలు. కాక్‌పిట్ పక్కనే ఒక సన్నటి బంక్, తెరచాప తాడు చేతికందే దూరంలో. ఆటోపైలట్ పడవని నడుపుతుంది, ఈ కాలపు పైలట్లు గాలి విసురునీ పడవ వంపునీ సెన్సర్లతో పట్టుకుని చాలామంది మనుషుల కంటే బాగా నడుపుతాయి, వంపు ఒక హద్దు దాటితే దానంతట అదే తెరచాప తాడు వదిలేసే ఏర్పాటు కూడా ఈ మధ్య పడవల్లో పెట్టారు. అయినా 30 నాట్ల మీద, చీకట్లో, కార్బన్ డబ్బాలో కూర్చుని ఆ హోరు మధ్య కళ్లు మూసుకోవాలంటే ఒక రకం నమ్మకం కావాలి. సోలో నావికుడి అసలు స్పీడు లిమిట్ పడవది కాదు, ఏ స్పీడు దగ్గర తను నిద్రపోగలడు అన్నది. 38 నాట్లు వెళ్లగలిగే పడవని 33 దగ్గర పట్టి ఉంచి రెండు గంటలు పడుకోవడమా, 38 మీద మెలకువగా ఉండి రేపు తప్పులు చేయడమా, రోజుకి పదిసార్లు ఈ బేరం.

ఆ బేరం చెడితే ఏమవుతుందో జోయాన్‌కే అనుభవమైంది. 2005 జులైలో అట్లాంటిక్ సోలో రికార్డు కొట్టాడు, ఇంగ్లండ్ కొసన లైన్ దాటేశాడు, పని అయిపోయింది, ఇంటికి వస్తున్నాడు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరం దగ్గర నిద్ర ముంచుకొచ్చింది. పడవ వెళ్లి పెన్‌మార్ష్ రాళ్ల మీద ఎక్కింది. మనిషి బయటపడ్డాడు, భూమి చుట్టొచ్చిన ఆ ట్రైమరాన్ మాత్రం తీరానికి కూతవేటు దూరంలో ముక్కలైపోయింది. దక్షిణ సముద్రంలో 72 రోజులు మేల్కొని కాచుకున్న మనిషి ఆయనే. ఒంట్లో నిద్ర బాకీ పెరిగితే అనుభవం కాపాడదు.

పడవ విరగడం అనేది ఈ ఆటలో ఎప్పుడూ ఉన్నదే. 1969లో మొదటి నాన్‌స్టాప్ సోలో రేసులో నైజెల్ టెట్లీ విక్ట్రెస్ అనే ప్లైవుడ్ ట్రైమరాన్‌తో దాదాపు మొత్తం భూమి చుట్టేశాడు, అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దాకా వచ్చేశాడు. వెనక డొనాల్డ్ క్రోహర్స్ట్ దూసుకొస్తున్నాడని వార్త విని పడవని బలవంతంగా తోలాడు, అది విచ్చిపోయి మునిగింది. క్రోహర్స్ట్ పంపిన పొజిషన్లన్నీ అబద్ధమని, అట్లాంటిక్ దాటి అసలు వెళ్లనేలేదని తర్వాత తెలిసింది. లేని పోటీదారు కోసం ఉన్న పడవ పోయింది. 1974లో మనురెవా అనే ట్రైమరాన్‌తో సిడ్నీలో ఒక్కసారి ఆగి 169 రోజుల్లో భూమి చుట్టిన అలాన్ కోలా, 1978 నవంబర్‌లో అదే పడవతో అట్లాంటిక్ రేసులో ఉండగా మాయమైపోయాడు, మనిషీ దొరకలేదు, పడవా దొరకలేదు. 2018లో అర్మెల్ లె క్లెయాక్ కొత్త ట్రైమరాన్ బాంక్ పాప్యులేర్ ఏప్రిల్‌లో మొరాకో దగ్గర బోల్తా పడింది, రిపేరు చేసి నవంబర్‌లో రేసుకి తెస్తే ఫ్లోట్ విరిగి మళ్లీ బోల్తా.

ఇంకొన్నిసార్లు విరగబోయేదాన్ని మనిషి ఆపుతాడు. 2008లో జోయాన్ ఇంటి దారిలో ఉండగా మాస్ట్‌ని పట్టి నిలిపే పెద్ద తాడు పైన బిగించిన చోట వదులవుతోందని గమనించాడు. అది ఊడితే మాస్ట్ పడిపోతుంది, రికార్డు సంగతి సరే, పడవే పోతుంది. 51 ఏళ్ల మనిషి ఒక్కడే, ముప్ఫై మీటర్ల మాస్ట్ మీదికి, పడవ ఊగుతూ ఉంటే, ఒకసారి కాదు పలుసార్లు ఎక్కి దాన్ని సర్ది వచ్చాడు. పైకెక్కిన మనిషిని కింద నుంచి పట్టేవాడు ఎవరూ లేరు. కింద పడవ ఐదు డిగ్రీలు వంగితే పైన మీటర్ల కొద్దీ ఊగుతుంది, పట్టు జారితే మాస్ట్‌కే కొట్టుకుంటాడు. 57 రోజులు అన్న అంకె వెనక ఇలాంటివి ఎన్నో ఉంటాయి, రికార్డు పట్టికలో ఇవి కనపడవు.

కోవిల్ కథ ఇంకో రకం. జోయాన్ 57 రోజుల రికార్డు కోసం 2009లో వచ్చిన టైమ్ 59 రోజుల 20 గంటలు, 2011లో 61 రోజుల 7 గంటలు. రెండుసార్లూ భూమి మొత్తం చుట్టాడు, పడవ విరగలేదు, తప్పు చేయలేదు, గాలి కలిసిరాలేదు, అంతే. చుట్టొచ్చిన మనిషికి చేతిలో ఏమీ లేకుండా పోవడం ఎంత బరువో ఊహించుకోవచ్చు. కొన్ని ప్రయత్నాలు మధ్యలోనే ఆగిపోయాయి. చివరికి ఐదోసారి, కెర్సోజాన్ పాత ట్రైమరాన్ జెరోనిమోని ఇంచుమించు కొత్తగా మార్చి కట్టిన సోడెబో అనే పడవలో, 2016 డిసెంబర్ 25న, 48 ఏళ్ల వయసులో, 49 రోజుల 3 గంటలతో బ్రెస్ట్ చేరాడు. సోలోగా 50 రోజుల గోడ మొదట దాటింది ఆయనే. ఏడాది తిరక్కుండా గబార్ దాన్ని తీసేసుకున్నాడు గానీ, ఏళ్ల తరబడి అనుభవం కలిసిన ఆ 49 రోజులకి ఉన్న విలువ వేరు, ఈ ఆట తెలిసినవాళ్లెవరూ దాన్ని తక్కువ చేసి మాట్లాడరు.

మరి 2017 నుంచి ఎందుకు కదలలేదు? దీనికి మంచి సాక్ష్యం 2024లో జరిగిన రేసు. జనవరి 7న బ్రెస్ట్ నుంచి ఆరు పెద్ద ట్రైమరాన్లు సోలోగా బయల్దేరాయి, ఈ సైజు పడవలతో భూమి చుట్టూ సోలో రేసు జరగడం అదే మొదటిసారి. అందులో 32 మీటర్ల ఫాయిలింగ్ పడవలున్నాయి, గాలి కుదిరితే మాసిఫ్ కంటే వేగంగా వెళ్లేవి. షార్ల్ కోద్రెలియే మాక్సీ ఎడ్మండ్ ద రోత్‌షీల్డ్‌లో గెలిచాడు, టైమ్ 50 రోజుల 19 గంటలు. గబార్ కంటే ఎనిమిది రోజులు ఎక్కువ. కారణం చేతకానితనం కాదు. రేసుకి స్టార్ట్ డేట్ ముందే పెట్టేశారు, వాతావరణం బాగుందా లేదా అని ఎంచుకునే వీల్లేదు. కేప్ హార్న్ ముందు పెద్ద తుఫాను ఉందని కోద్రెలియే కావాలనే స్పీడు తగ్గించి దాన్ని ముందుకి పోనిచ్చాడు, చివర్లో ఇంటి ముందు ఇంకో తుఫాను ఉందని అజోర్స్‌లోని హోర్టా రేవులో మూడు రోజులు ఆగాడు. ఆగే వీలు ఆ రేసు రూల్స్‌లో ఉంది, వెనకవాళ్లకి తనకీ మధ్య దూరం కూడా చాలా ఉంది. పోటీ మనిషితో అయితే ముందుంటే చాలు, గడియారంతో అయితే ఆగడానికి లేదు. టామ్ లపెర్ష్ ఏదో గుద్దుకోవడంతో దెబ్బతిన్న పడవతో కేప్‌టౌన్‌లోనే మానుకోవాల్సొచ్చింది, మిగతా ఐదూ తిరిగొచ్చాయి, కానీ చాలావరకు మధ్యలో రేవుల్లో ఆగి రిపేర్లు చేసుకునే వచ్చాయి. రికార్డు రూల్స్ కింద అయితే ఎవరైనా సాయం చేసిన ఆ మొదటి రిపేరు దగ్గరే కథ అయిపోయేది.

కొత్త పడవల ఇబ్బంది ఇక్కడ బయటపడింది. ఫాయిల్స్ మీద ఎగిరే పడవ స్పీడు ఎక్కువే, కానీ ఫాయిల్, చుక్కాని, వాటిని మోసే భాగాలు అన్నీ నీళ్లలో తేలే చెత్తనో తిమింగలాన్నో తగిలే అవకాశం ఉన్న చోటే ఉంటాయి, తగిలితే దెబ్బ కూడా ఆ స్పీడులోనే తగులుతుంది. 24 గంటలకి ఎంత అన్నది పడవ బలం, 42 రోజులు ఏదీ విరగకుండా అన్నది వేరే బలం. దాంతో పాటు ఇలాంటి పడవలు పట్టుమని పది కూడా లేవు, అన్నీ బ్యాంకులూ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఫుడ్ కంపెనీల స్పాన్సర్‌షిప్ మీద నడిచేవి. ఒక శీతాకాలం రేసుకి వెళ్తే ఆ శీతాకాలం రికార్డుకి వెళ్లలేవు. క్రూతో చుట్టే రికార్డు మీద మోజు ఎక్కువ కాబట్టి కొన్ని సీజన్లు అటు పోతాయి. సోలోకి సీరియస్‌గా బయల్దేరే ప్రయత్నాలే తక్కువ, వాటిలో వాతావరణం కుదిరేవి ఇంకా తక్కువ.

గాలికి ఎదురుగా, తూర్పు నుంచి పడమరకి చుట్టే రికార్డైతే మరీ కష్టం. జాన్ లుక్ వాన్ డెన్ హీడ్ 2004లో కీల్ పడవతో 122 రోజుల్లో చేశాడు. పెద్ద మల్టీహల్‌తో దాన్ని కొడదామని 2017లో యీవ్ లె బ్లెవెక్ బయల్దేరితే కేప్ హార్న్ దగ్గర పడవ విరిగి బోల్తా పడింది, చిలీ హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్లింది. అల్పపీడనంతో కలిసి వెళ్లడం కుదరని దారిలో మల్టీహల్‌కి ఉన్న పెద్ద లాభమే పోతుంది, ప్రతి అలా ఎదురు దెబ్బే.

తూర్పు వైపు దారిలో మిగిలి ఉన్న లెక్క ఇది. గబార్ నిజంగా తిరిగిన దూరం సుమారు 27,860 నాటికల్ మైళ్లు, సగటు 27.2 నాట్లు. అదే దూరాన్ని 40 రోజుల్లో తిరగాలంటే సగటు 29 నాట్లు కావాలి. పడవలకి ఆ రెండు నాట్లు ఇప్పటికే ఉన్నాయి. దక్షిణ అట్లాంటిక్‌లో ఒక మంచి అల్పపీడనం దొరికి, పసిఫిక్‌లో ఇంకోటి వెంటనే అందుకుని, హార్న్ తర్వాత పైకి వచ్చేటప్పుడు గాలి ఆగిపోకుండా ఉంటే 40 లోపు సాధ్యమే. ఆ రెండు నాట్లు పెంచి కూడా పడవలో ఉన్న ఆ ఒక్క మనిషి రోజుకి నాలుగు గంటలు కళ్లు మూసుకోగలగాలి, డిజైనర్లు ఇప్పుడు కాక్‌పిట్ పూర్తిగా కప్పేయడం, పైలట్ సాఫ్ట్‌వేర్, తాడు దానంతట అదే వదిలే ఏర్పాట్లు, ముందున్న వస్తువుని కెమెరాతో పసిగట్టడం, ఇలా పని చేస్తున్నదంతా దాని కోసమే.